గుడ్డు లేని పఫ్‌లు



మొన్న సండే స్కూలు పిల్లలతో ధవళేశ్వరం పిక్నిక్ వెళ్ళివచ్చాము. అక్కడ తిన్న వెజ్ పఫ్‌లు ఎలా చేశారని చాలామంది తల్లులు ఫోన్ చేసి అడుగుతున్నారు. తప్పకుండా చెబుతాము. అయితే బేకరీలో కొనకుండా ఇంట్లోనే ఎందుకు చేశామో ముందు చెప్పాలి. అది చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన ఏడాది పిక్నిక్‌కి టౌను నుంచి ఎగ్ పఫ్‌లు తెప్పించాము. మన పిల్లల్లో ఒకరితో పాటు పక్కింటి స్నేహితుడు కూడా వచ్చాడు. మూడో తరగతి చదివే బాబు. పఫ్ విప్పి చూసి పక్కన పెట్టేశాడు. "ఏరా, తినవేం?" అంటే, "కార్తీకమాసమండి. మామ్మ తినొద్దందండి" అన్నాడు. మేమేమో నవ్వి, "గుడ్డు తీసేసి తినరా, ఏం కాదు" అన్నాము. పెద్దవాళ్ళం చెప్పాము కదా, కాదనలేకపోయాడు. గుడ్డు తీసేసి రెండు ముక్కలు తిన్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు మేము చూడలేదు. మీ అమ్మగారు చూశారు.

వాళ్ళ మామ్మగారు గొడవకు రాలేదు. కుళాయి దగ్గర మీ అమ్మగారితో ఒక్క మాట అన్నారట. "చిన్నపిల్లోడండి. పెద్దోళ్ళు మీరు చెబితే ఎలా కాదంటాడు?" ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రోమా పత్రిక 14వ అధ్యాయం మీద సెమినరీలో పరీక్ష రాశాము, మంచి మార్కులే వచ్చాయి. భోజనం విషయమై సహోదరుని నొప్పించవద్దని పౌలు చెప్పిన మాట మీద ఎన్ని ప్రసంగాలు చేశామో! 'ఆ బాబు మన సంఘస్థుడు కాడు కదా' అని మనసు సర్దుకోబోయింది. కానీ 1 కొరింథీ 10వ అధ్యాయం చివరలో పౌలు యూదులనూ గ్రీసుదేశస్థులనూ సంఘాన్నీ ఒకే వరుసలో పెట్టి, ఎవరికీ అభ్యంతరం కలిగించవద్దన్నాడు. తప్పించుకునే దారి లేదు.

ఈ ఏడాది పిక్నిక్ మళ్ళీ కార్తీకంలోనే పడింది. మేమిద్దరం మామ్మగారి ఇంటికి వెళ్ళి, తప్పైపోయిందని చెప్పి, ఈసారి వెజ్ పఫ్‌లు తెస్తామన్నాము. ఆమె కాసేపు ఊరుకుని, "పైన మెరవడానికి గుడ్డు రాస్తారంటగా?" అన్నారు. మాకు తెలియదు. బేకరీలో అడిగితే నిజమే, వెజ్ పఫ్ మీద కూడా గుడ్డు సొన పూస్తామన్నారు. "ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా ఈ నెల ముట్టమండి" అన్నారు మామ్మగారు. ఇక ఇంట్లో చేయడమే మార్గం.

కొలతలు రాసుకోండి. కిలో మైదా, ముప్పావు కిలో ఉప్పులేని వెన్న, రెండు చెంచాల ఉప్పు, చెంచాడు నిమ్మరసం, సుమారు అర లీటరు ఐస్ నీళ్ళు. యాభై దాకా వస్తాయి. మైదాను నీళ్ళతో మెత్తగా కలిపి అరగంట ఉంచాలి. వెన్నను పలకలా చేసి, పరిచిన పిండి మధ్యలో పెట్టి మూసేయాలి. పొడవుగా ఒత్తి మూడు మడతలు వేయాలి. అలా నాలుగుసార్లు. మూడు తొమ్మిదవుతుంది, తొమ్మిది ఇరవై ఏడు, చివరికి ఎనభై ఒక్క వెన్న పొరలు. ఇందులో ఈస్టు లేదు, సోడా లేదు. పిండిలోని నీరు ఓవెన్ వేడికి ఆవిరై, వెన్న వేరుచేసిన పొరలను పైకి లేపుతుంది. మన తాపేశ్వరం మడత కాజా తెలిసిన వాళ్ళకు పొరల సంగతి వేరే చెప్పాలా!

మొదటిసారి మధ్యాహ్నం మొదలుపెట్టాము. కరెంటు పోయింది, ఫ్రిజ్ ఆగింది. పిండి వెనక్కి లాక్కుంటుంటే బలవంతంగా ఒత్తాము. పొర చిరిగి వెన్నంతా బయటికి వచ్చింది. ఓవెన్‌లో అవి పొంగలేదు, తమ వెన్నలో తామే వేగాయి. మీ అమ్మగారు చూసి, "పిండి వద్దంటుంటే వినాలండి" అన్నారు. ఆమె పిండి గురించే అన్నారు. మాకు మాత్రం ఆ బాబు ముఖం కనిపించింది. వాడు వెనక్కి తగ్గినప్పుడు మేమూ ఆగవలసింది.

రెండోసారి తెల్లవారుజామున నాలుగింటికి, చల్లగా ఉన్న కడప బండ మీద చేశాము. మడతకీ మడతకీ మధ్య అరగంట ఫ్రిజ్‌లో ఉంచాము. కూరకు ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్, బఠాణీ, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, పసుపు, కొత్తిమీర. కూర పొడిగా ఉండాలి, పూర్తిగా చల్లారాలి. లేకపోతే అడుగు మెత్తబడుతుంది. పిండిని రెండు రూపాయి బిళ్ళలంత మందంగా ఒత్తి, పదునైన కత్తితో నాలుగంగుళాల చదరాలు కోసి, కూర పెట్టి మడవాలి. పైన పాలు పూయాలి. కోసిన అంచులకు తగలనివ్వొద్దు, పొరలు అతుక్కుంటాయి. 200 డిగ్రీల్లో సుమారు 25 నిమిషాలు. మధ్యలో తలుపు తెరవకండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిగా మూస్తే పిక్నిక్ చేరేసరికి చప్పబడిపోతాయి.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాక చెట్ల కింద కూర్చున్నాము. బాబును పక్కకు పిలిచి, "పోయినేడు నీ చేత తినిపించడం మా తప్పురా. క్షమించు" అన్నాము. వాడు తల దించుకుని కాలితో ఇసుక గీశాడు. జవాబు చెప్పలేదు. తర్వాత పఫ్ విప్పి, లోపల వేలు పెట్టి జాగ్రత్తగా చూసుకుని, తిన్నాడు. కాసేపటికి దగ్గరికి వచ్చి, "అయ్యగారండి, కూరలో ఉప్పు తక్కువైందండి. ఇంకోటుందా?" అన్నాడు.

నిజమే, తక్కువైంది. మీరు చేసేటప్పుడు చూసుకోండి.

ప్రియులారా, మన బల్ల దగ్గర మొహమాటానికి తినేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఈ వారం ఆలోచించండి. వద్దన్నవారిని నవ్వకండి, ఒకసారి అడిగి వినండి.

ప్రార్థన: ప్రభువా, పెద్దరికంతో చిన్నవారిని నొప్పించిన మమ్మును క్షమించుము. తప్పు ఒప్పుకొనే దీనమనసు మాకు దయచేయుము. ఆమేన్.