వినకుండా విప్పవద్దు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుము ఎక్కువకాలం నిలువదు. సైకిలు చైను, తలుపు గడియలే కాదు, ఆరాధనలో వాయించే కీబోర్డు సహితం ఆ ఉప్పుకు లోబడుతుంది. మా భావనపాడు అలాంటి ఊరే.

మా సంఘములోని కీబోర్డు చాలా ఏళ్ల నాటిది. వేటకు వెళ్లే కుటుంబాలవారు తలా కొంత వేసుకొని కొన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు దానిని టార్పాలినులో చుట్టి దాచాము. నీటిచుక్క తగలలేదు. అయినా కరెంటు వచ్చాక చూస్తే దీపం వెలిగింది గాని శబ్దము రాలేదు. పట్నంలో ఒక దుకాణానికి తీసుకువెళ్తే మూత విప్పకుండానే, “బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి” అన్నారు. ఇళ్లమీది రేకులే ఎగిరిపోయిన ఆ రోజుల్లో కొత్త కీబోర్డుకు చందా వేయమని ఎవరిని అడగగలము?

పూర్వం రేడియోలు బాగుచేసిన తాతగారొకరు మా పాటల బృందానికి దారి చూపారు. “వినకుండా విప్పకండర్రా” అని, ముందుగా హెడ్‌ఫోను పెట్టించారు. శబ్దము వినబడింది! అంటే బోర్డు బాగానే ఉంది. హెడ్‌ఫోను గుచ్చే రంధ్రములో ఒక చిన్న రేకు ఉంటుంది. పిన్ను గుచ్చితే అది పక్కకు జరిగి స్పీకరును ఆపుతుంది; తీస్తే మళ్లీ ఆనుకోవాలి. ఆ రేకుకు చిలుము పట్టింది. కరెంటు తీసి, కాంటాక్టు క్లీనరు కొట్టి, పిన్నును పలుమార్లు గుచ్చి తీశాము. అది ఆరాక స్పీకరు పలికింది.

తరువాత కొన్ని మెట్లు మూగబోయాయి. అక్కడొకటి ఇక్కడొకటి పలకకపోతే కింది రబ్బరు పట్టీలో మురికి చేరిందన్నమాట. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో మెల్లగా తుడిచి ఆరనివ్వాలి. నల్లని పూతను గీరకూడదు. సమాన దూరాల్లో ఉన్న మెట్లు మూగబోతే లోపం సాధారణంగా రబ్బరుది కాదు, తీగదో డయోడుదో అయి ఉంటుంది. ఎడతెగని గుర్రు వినిపిస్తే కరెంటు భాగములోని కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. ప్లగ్గు తీసినా వాటిలో కరెంటు నిలిచి ఉండగలదు గనుక పని తెలిసినవారే ముట్టాలి.

అడాప్టరు విషయములోనూ జాగ్రత్త అవసరం. పాత కాసియోలలో చాలావాటికి నడిమి పిన్ను మైనస్, యమహాలకు ప్లస్. వాయిద్యం మీది గుర్తు చూడకుండా ఒకదానిది మరొకదానికి పెట్టరాదు.

కొన్నిసార్లు జబ్బు చాలా చిన్నది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్ 7 అనే పేరుగాంచిన సింథసైజరులో, మనం దాచుకున్న శబ్దాలను నిలిపేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే శబ్దాలు చెదిరిపోతాయి. బ్యాటరీకి లోపల టంకం వేసి ఉంటుంది గనుక మార్చడానికి మెకానిక్కు కావాలి గాని, దానికోసం వాయిద్యాన్నే పారేయనక్కరలేదు.

ఇప్పుడు మేము వాయిద్యంపై నూలుగుడ్డ కప్పుతున్నాము. ప్లాస్టిక్కులో బిగించి ఉంచితే చెమ్మ లోపలే నిలుస్తుంది. వాడకపోయినా వారానికొకసారి ప్రతి మెట్టూ నొక్కి చూస్తాము. మీ సంఘములోనూ పాత కీబోర్డు మూలనపడి ఉంటే, పాత సామాన్లవానికి వేయకముందు హెడ్‌ఫోను పెట్టి ఒకసారి వినండి.