అడ్డదారులూ, అమ్మ గొంతూ

మా ఇంట్లో నాకో చెడ్డపేరుంది. ఏ సాఫ్ట్‌వేర్ దించుకున్నా, దాంతో పని మొదలెట్టే ముందు సెట్టింగులన్నీ తిరగేసి మార్చి పారేస్తానని. "అద్దింట్లో దిగగానే గోడలకి మేకులు కొట్టే రకం" అంటుంది మా ఆవిడ. ఏం చెయ్యను చెప్పండి? పాతికేళ్ళకి పైగా కన్సల్టెంటు బతుకు. ఏ క్లయింటు దగ్గరికెళ్ళినా ఎవరిదో కుర్చీ, ఎవరిదో కంప్యూటరు. నావి అని చెప్పుకోడానికి ఉండేవి నా కీబోర్డు షార్ట్‌కట్లే.

మొన్న జనవరిలో మిసిసాగాలో బయట మైనస్ ఇరవై రెండు. ఇల్లు కదలడానికి లేదు. బేస్‌మెంట్లో పాత సూట్‌కేసు తెరిస్తే పద్నాలుగు క్యాసెట్లు బయటపడ్డాయి. అన్నీ అమ్మవి. నేను 1997లో ఇక్కడికొచ్చిన కొత్తలో ఐఎస్‌డీ అంటే నిమిషానికింత అని గుండెలు బాదుకునే రోజులు. అమ్మకి ఉత్తరం రాయడం బద్ధకం, మాట్లాడ్డం ఇష్టం. అందుకని మా టూ-ఇన్-వన్‌లో మాట్లాడి రికార్డు చేసి, ఇటు వచ్చేవాళ్ళెవరైనా దొరికితే ఆవకాయతో పాటు పంపించేది. అమ్మ పోయి పదేళ్ళు దాటింది. టేపులు పాడయ్యేలోపు కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నాను.

పాతసామాన్ల కొట్లో ఒక క్యాసెట్ డెక్ కొన్నాను. సాఫ్ట్‌వేరు ఆడాసిటీ. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి, 2000లో జనానికి ఉచితంగా వదిలిన సరుకు. ఎక్కించడంలో అడ్డదారి లేదు. అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలూ కూర్చోవాల్సిందే. ఆ తర్వాత శుభ్రం చేసే పనిలోనే నా విద్య చూపించే అవకాశం.

ప్రిఫరెన్సెస్‌లో కీబోర్డు పేజీ తెరిస్తే ప్రతి కమాండూ వరసగా ఉంటుంది, పక్కనే దాని మీట. కావాల్సింది పట్టుకుని మనకి నచ్చిన మీట కట్టబెట్టడమే. దగ్గరగా చూడ్డానికి కంట్రోల్-1, దూరంగా చూడ్డానికి కంట్రోల్-3, పాడుతుండగానే అక్కడో గుర్తు పెట్టడానికి కంట్రోల్-ఎమ్ అని వాళ్ళిచ్చినవి. నా కుడిచేతిలో ఎప్పుడూ కాఫీ కప్పుంటుంది కాబట్టి, వీటన్నిటినీ ఎడమచేతి వేళ్ళకి అందే ఒంటి అక్షరాలకి మార్చేశాను. 'నిశ్శబ్దాలని కుదించు' అనే ఎఫెక్టుకి వాళ్ళు ఏ మీటా ఇవ్వలేదు. నేనిచ్చాను. అర సెకను మించిన ఖాళీ ఎక్కడున్నా అర సెకనుకి కత్తిరించమని లెక్క పెట్టాను. ఒక్క మీట నొక్కితే ముప్ఫై నిమిషాల పక్క ఇరవై రెండు నిమిషాలకి దిగింది. భలే అనుకుని, సేవ్ చేసి, మూసేసి పడుకున్నాను.

మర్నాడు విన్నాను. అమ్మ దడదడా ప్రశ్నలు కురిపిస్తోంది. "అన్నం వండుకుంటున్నావా? చెవులకి ఏమన్నా కట్టుకుంటున్నావా? జీతం సరిపోతోందా? సరేలే." పోలీసు స్టేషన్లో విచారణలా ఉంది. ఇదేంటి, అమ్మ ఇంత గాభరాగా మాట్లాడేది కాదే అని అసలు క్యాసెట్ మళ్ళీ పెట్టాను.

అప్పుడు తెలిసింది. అమ్మ ప్రశ్న అడిగి ఆగేది. నేను జవాబు చెప్పడానికి. నాలుగైదు సెకన్లు. ఆ తర్వాత "ఊఁ, సరేలే" అని ఇంకో సంగతిలోకి వెళ్ళేది. నా జవాబుల కోసం వదిలిన చోటునే నేను చెత్త అనుకుని ఊడ్చేశానన్నమాట. ప్రాజెక్టు మూసేస్తే వెనక్కి తీసుకునే దారి కూడా పోతుంది. ఆ పక్క మళ్ళీ ఎక్కించాను, ముప్ఫై నిమిషాలూ కూర్చుని. ఆ మీట తీసేశాను. ఆ పని చెయ్యాలంటే ఇప్పుడు మెనూలోకి వెళ్ళి వెతుక్కోవాల్సిందే. కొన్ని పనులకి దారి దూరంగా ఉండడమే మంచిది.

అప్పుడు ఇంకో అనుమానం. ఖాళీలు తిరిగొచ్చినా గొంతు అమ్మది కాదు. కొంచెం కీచుగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. డెక్ గానీ, అప్పటి టూ-ఇన్-వన్ గానీ సరైన వేగంలో తిరగలేదేమో. కానీ ఎంత తేడా? దేంతో కొలవాలి?

ఇక్కడ పనికొచ్చింది కిటికీ మార్చడం. ఆడాసిటీలో మామూలుగా కనబడేది అలల బొమ్మ. అందులో గట్టిగా ఉందా, మెల్లగా ఉందా అన్నదే తెలుస్తుంది. ట్రాక్ మెనూలోకెళ్ళి స్పెక్ట్రోగ్రామ్ పెట్టుకుంటే ఏ క్షణంలో ఏ పౌనఃపున్యాలున్నాయో రంగుల్లో కనిపిస్తుంది. వాళ్ళిచ్చిన లెక్కల్లో కింద అంతా కలిసిపోయిన ముద్ద. పైహద్దు 200 హెర్ట్జ్‌కి దించి, విండో సైజు 32768కి పెంచాను. మసక పోయి, అడుగున సన్నటి అడ్డగీతలు తేలాయి.

120 దగ్గరొకటి. ఇది నా బేస్‌మెంట్ కరెంటు గుయ్యిమనే చప్పుడు. కెనడాలో కరెంటు 60 హెర్ట్జ్, దాని రెట్టింపు 120. దాని కింద 103 దగ్గర ఇంకో గీత. అది టేపులో ఉన్నది. అమ్మ మాట్లాడుతున్నప్పటి మా ఊరి కరెంటు! మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి అది 100 దగ్గర ఉండాలి. 103 అంటే టేపు 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. ఆ గీత 100 మీద కూర్చునేదాకా వేగం తగ్గించి, గర్వంగా విజయవాడలో అక్కకి పంపించాను.

"ఇంకా కీచుగానే ఉందిరా" అంది అక్క.

అక్క చెవి కన్నా నా లెక్క మీదే నాకు నమ్మకం. ఆ నమ్మకం బ్రాంప్టన్‌లో కూతురింటికొచ్చిన బాబాయి గారొకాయన పోగొట్టారు. విద్యుత్ బోర్డులో రిటైరయిన మనిషి. సంగతి విని పకపకా నవ్వారు. "ఏ సంవత్సరం టేపది? 98? సాయంత్రం పూట రికార్డు చేసుంటుంది మీ అమ్మగారు. అప్పట్లో మనకి యాభై ఎక్కడిదయ్యా! లోడు పడితే నలభై ఎనిమిదిన్నరకి జారేది. 2003లో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చాక గదా దక్షిణాది గ్రిడ్డు దారికొచ్చింది." మన ఊళ్ళనే అనుకోనక్కర్లేదు. ఈ ఒంటారియోలో కూడా 1950ల దాకా చాలా చోట్ల 25 హెర్ట్జ్ కరెంటే.

నలభై ఎనిమిదిన్నరకి రెట్టింపు 97. గీతని 103 నుంచి 97కి దించాను. మొత్తం 6 శాతం దాకా తేడా. హార్మోనియం మెట్ల మీద దాదాపు ఒక మెట్టు. మళ్ళీ అక్కకి పంపాను. ఇది కూడా ఊహే గదా, సరైన కొలతకి వేరే సాక్ష్యం లేదు, అక్క చెవి తప్ప.

రెండు గంటలైనా జవాబు లేదు. నేనే ఫోన్ చేశాను. ఎత్తింది గానీ మాట్లాడలేదు. వెనకాల అమ్మ గొంతు వినిపిస్తోంది. "చెవులకి ఏమన్నా కట్టుకుంటున్నావా?" ఆ తర్వాత నాలుగు సెకన్ల ఖాళీ.

"కట్టుకుంటున్నాడులేవే" అంది అక్క, నాతో కాదు.

ఇంకా పదమూడు క్యాసెట్లున్నాయి. ఏ సాయంత్రం కరెంటు ఎంతకి జారిందో, ఒక్కోదానికీ గీత వెతుక్కుని, అక్క చేత ఔననిపించుకుని మరీ చెయ్యాలి.

తా.క.: మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే ముందు అసలు రికార్డింగుని వేరే చోట దాచుకుని, కాపీ మీదే ప్రయోగాలు చెయ్యండి. మార్చుకున్న షార్ట్‌కట్లని కూడా ఆ కీబోర్డు పేజీలోనే ఎక్స్‌పోర్ట్ నొక్కి ఫైలుగా దాచుకోవచ్చు. నేను దాచుకున్నాను. అందులో ఆ ఒక్క మీటా లేదు.