నాలుగడుగుల వెలుగు



మన నూజివీడు ప్రాంతములో రేపటిని గూర్చి మాటలాడని దినము లేదు. క్రిస్మసు పండుగ దాటి సంక్రాంతి వచ్చుసరికి మామిడి తోటలు పూత పట్టును. ఆ పూతను చూచియే వ్యాపారస్థుడు తోటను గుత్తకు అడుగును. ఆ పూతను చూచియే రైతు అప్పుకు గడువు చెప్పును, కుమార్తె వివాహమునకు మాట ఇచ్చును. కాని ఒక్కొక్క పూగుత్తిలో వందలు, వేలు పువ్వులున్నను, పండగు వరకు నిలుచునవి ఒకటో రెండో. అనేక గుత్తులకు ఆ ఒకటియు లేదు. పొగమంచు పట్టవచ్చును, తేనెమంచు పురుగు రావచ్చును, బూడిద తెగులు సోకవచ్చును. అన్నిటిని తప్పించుకొన్న కాయ వేసవి గాలివానకు ఒక్క రాత్రిలో రాలిపోవచ్చును. ఒక యేడు విరగకాసిన చెట్టు మరుసటి యేడు ఊరకుండును. ఇంత తెలిసియు ప్రతి సంవత్సరము మనము పూత చూచి లెక్క కట్టుచునే యుందుము.

లెక్క కట్టుట తప్పు కాదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువే బోధించెను. అయితే మన లెక్కను దేవుని వాగ్దానముగా ఎంచుకొని, అది తప్పినప్పుడు దేవుడే తప్పెనని సణుగుటలో మన విశ్వాసము ఎంతటిదో బయలుపడును.

దేవుడు తన ప్రజలను నడిపించిన విధమును జ్ఞాపకము చేసికొనుడి. అబ్రాహాము పిలువబడినప్పుడు ఎక్కడికి వెళ్లవలెనో ఎరుగకయే బయలుదేరెను. ఇశ్రాయేలీయులకు అరణ్యములో దారి పటము ఇయ్యబడలేదు. మేఘము లేచినప్పుడు లేచిరి, నిలిచినప్పుడు నిలిచిరి. ఒక్క రాత్రియే నిలిచినను సరే, ఒక సంవత్సరము నిలిచినను సరే. మన్నా ఏ దినమునకు ఆ దినమే. దాచుకొన్నది పురుగు పట్టెను. కీర్తనకారుడు దేవుని వాక్యమును దీపముతో పోల్చినప్పుడు ఊరంతటిని వెలిగించు పెద్ద దీపమును తలంచి యుండడు. మన తోట కాపలాదారుని లాంతరును తలంచుకొనుడి. అది నాలుగడుగుల మేర మాత్రమే వెలుగిచ్చును. ఆ నాలుగు అడుగులు వేసినవానికి మరి నాలుగు అడుగులు కనబడును. అడుగు వేయక నిలుచుండి, తోట చివర కనబడలేదని లాంతరును నిందించువాడు తెల్లవారువరకు అక్కడనే నిలుచును.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, తోట కొట్టేసి పామాయిలు వేద్దామంటున్నాడు మావాడు. ఆయన చేత్తో నాటిన చెట్లండి. ఉంచమంటారా, కొట్టెయ్యమంటారా? మీరు ప్రార్థన చేసి దేవుని చిత్తమేదో చెప్పండి" అని అడిగెను.

"అమ్మా, ఏ పంటకు ధర వస్తుందో దేవుడు నా చెవిలో చెప్పలేదు. అప్పు ఎంతున్నదో నీవూ అబ్బాయీ దాచుకోకుండా ఒకరికొకరు చెప్పుకున్నారా?" అంటిని.

ఆమె తలవంచుకొని, "లేదండి" అనెను.

ఆ వారములోనే నేను వారి తోటకు వెళ్లితిని. ముగ్గురము చెట్టు క్రింద కూర్చుండి ప్రార్థించి, కాగితము మీద బాకీలన్నియు వ్రాసికొంటిమి. తల్లి ఎరుగని అప్పులు రెండు కుమారుడు చెప్పెను; కుమారుడు ఎరుగని అప్పు ఒకటి తల్లి చెప్పెను. అంతవరకు ఇద్దరును దేవుని వేర్వేరుగా అడుగుచుండిరి గాని ఒకరితోనొకరు నిజము చెప్పుకొనలేదు. చివరకు తొఱ్ఱలు పడి కాపు తగ్గిన చెట్లున్న వైపు తీసివేసి పామాయిలు వేయుటకును, మిగిలిన తోటను ఉంచి ఖాళీలలో చిన్నరసాల అంట్లు నాటుటకును ఒప్పుకొనిరి. అది లాభమగునో నష్టమగునో నాటినాడు ఎవరు చెప్పగలరు? పామాయిలు మొక్కకు మూడు నాలుగేండ్లు, మామిడి అంటుకు నాలుగైదేండ్లు కనిపెట్టుకొని యుండవలెను. కాని ఆ ఇంటిలో దాపరికము ఆ దినమే పోయెను. అది వారికి కనబడిన నాలుగడుగుల వెలుగు.

మనలో కొందరు కండ్లు మూసికొని బైబిలు తెరచి, వ్రేలు పడిన మాటనే దేవుని జవాబుగా తీసికొందురు. మరికొందరు ఆదివారము గుడికి వచ్చి, సోమవారము ముహూర్తము అడుగబోవుదురు. వీరు కోరునది దేవుని నడిపింపు కాదు, రేపటిని గూర్చిన హామీ. హామీ చేతికి వచ్చినయెడల ఇక దేవుని చేయి పట్టుకొననక్కరలేదని మన మనస్సు మోసగించును.

మన తెలుగు సంఘ చరిత్రను చూడుడి. 1840లో నెల్లూరులో ఆరంభమైన అమెరికను బాప్తిస్టు మిషను పని అనేక సంవత్సరములు స్వల్ప ఫలమునే ఇచ్చెను. దానిని మూసివేయవలెనను మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు లేచెను. అట్టి దినములలో, 1854 జనవరి 1వ తేదీ ఉదయమున, జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు, జూలియ, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక గుట్టనెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ సంవత్సరము ఎవరును రాలేదు. మరుసటి సంవత్సరమును రాలేదు. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గుట్టమీది ఐదుగురికి ఈ లెక్క ముందుగా చూపబడలేదు. వారు మోకరించి ప్రార్థించిరి, దిగివచ్చి ఆనాటి పని చేసిరి.

అందరికిని ఫలము చూచు భాగ్యము దొరకదు. 1841లో నోబుల్, ఫాక్సు అను ఇద్దరు దొరలు కలిసి బందరుకు వచ్చిరి. నోబుల్ దొరగారి పాఠశాల విద్యార్థులలో తొలిఫలముగా ఇద్దరు 1852లో బాప్తిస్మము పొందిరి. ఫాక్సు దొరగారు 1848లోనే ప్రభువునందు నిద్రించెను. ఆయన విత్తినది వ్యర్థమని ఎవరు అనగలరు? మన తాతలు టెంక పాతిన చెట్లనుండి మనము పండ్లు తినుట లేదా?

యిర్మీయా ప్రవక్త బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాకారములో నుండగా, అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. క్రయపత్రమును మట్టికుండలో భద్రము చేయించెను. ఆ పొలమును తాను దున్నుదునని కాదు, ఆ దేశములో మరల పొలములును తోటలును కొనబడునని దేవుడు సెలవిచ్చెను గనుక. విశ్వాసమనగా రేపటిని ఎరిగియుండుట కాదు. రేపటిని ఎరిగినవానిని నమ్మి ఈ దినమున చేయవలసినది చేయుట.

కాబట్టి ప్రియులారా, ఈ సంవత్సరము మీ తోట పూసినను పూయకున్నను, మీ కుమారునికి ఉద్యోగము దొరికినను ఆలస్యమైనను, ముందుగా ఈ దినపు విధేయతను గూర్చి ప్రభువును అడుగుడి. చెప్పవలసిన నిజము చెప్పుడి. తీర్చగలిగిన బాకీ తీర్చుడి. క్షమింపవలసిన పొరుగువానిని క్షమించుడి. నాటవలసిన మొక్క నాటుడి. పెరుగుదల ఇచ్చువాడు దేవుడే. ఆయన మనకు తోడై, అడుగడుగునకు వెలుగిచ్చి, చివరివరకు నడిపించును గాక. ఆమేన్.