కటుక్కుమన్న గింజ

పటాన్‌చెరు ఫ్యాక్టరీల సైరన్ మా కల్లానికి గడియారం. అది మోగగానే నాయనమ్మ కొంగు బొడ్లో దోపుకొని లేచేది, వెనకాల నేను. ఎండబోసిన వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ చాళ్లు తీసేవాళ్లం. కింది గింజ మీదికి, మీది గింజ కిందికి. 1980ల నాటి యాసంగి ఎండలకు అరికాళ్లు చురచురమనేవి. నూగు అంటుకొని రాత్రిదాకా ఒళ్లంతా దురద.

పొద్దు నడినెత్తికి వస్తే మాత్రం వడ్లను కుప్పకు లాగి చాపలు కప్పేది. ఎండంతా వృథా పోతోందని నాకు బాధగా ఉండేది. గింజ మరీ వేడెక్కి గబగబా ఎండితే లోపల పగులుతుందని, మిల్లులో నూకలు పడతాయని పెద్దయ్యాక తెలిసింది. కుప్పలో ఉన్నంతసేపు గింజ నడిమి తేమ పైపొరకు వస్తుంది. సాయంత్రం పలచగా నెరిపితే తేలిగ్గా ఆరిపోతుంది. ఇప్పటి డ్రయ్యర్లలోనూ కాసేపు వేడిగాలి పట్టి, కాసేపు ఆపుతారు. నూకా తగ్గుతుంది, ఇంధనమూ మిగులుతుంది.

పొద్దుగూకే వేళ పరీక్ష నాది. గింజను పంటి కింద పెట్టి కొరకాలి.

"కటుక్కుమన్నదా బిడ్డా?"

మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి.

అసలు కల్లానికి చేరేసరికే వడ్లు సగం ఎండేవి. కొడవలితో కోసిన వరి రెండు మూడు రోజులు మెదలుగా మడిలోనే ఉండేది. ఇప్పుడు హార్వెస్టర్ పూటలో కోసి పచ్చి గింజను ట్రాక్టర్లో పోస్తుంది. 24 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లు, కొనుగోలు కేంద్రంలో అడిగే 17 శాతానికి దిగాలంటే ఎనిమిది కిలోలకు పైగా నీరు ఆవిరి కావాలి. ఆ భారమంతా నాలుగు రోజుల ఎండ మీదే పడుతోంది.

ఆ నాలుగు రోజుల్లో వాన పడితే ఏమవుతుందో చూశాను. ఓ ఏడు చెడగొట్టు వాన ముసురులా పట్టింది. చాపలు తీసేసరికి కుప్పంతా తెల్లటి మొలకలు. నాయనమ్మ ఆ మొలకలను వేళ్లతో దువ్వుతూ చీకటి పడేదాకా అక్కడే కూచుంది. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మా కల్లం ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. వడ్లు రోడ్డెక్కాయి. రాత్రిపూట ఆ రాశులకు తగిలి బైకుల మీది మనుషులు పడిపోతున్నారు. సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నాదొకటే మనవి: ఊరికొక ఉమ్మడి కల్లం జాగానైనా మిగుల్చుకోండి, దాన్ని ప్లాట్లకు పోనీయకండి.