దిగుడులో నిండే బండి

డీజిల్ బండి ఎక్కుడులో తాగిన నూనెను దిగుడులో వెనక్కి ఇవ్వదు. కరెంటు కారు ఇస్తుంది! మొత్తం కాకపోయినా, ఉన్నంతలో ఇస్తుంది. మా మర్రిగూడ నుంచి శ్రీశైలం దాకా మా కరెంటు కారులో పోయి వచ్చిన దగ్గర్నుంచి ఎవరు కనబడ్డా నేను ఈ సంగతే చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు, వినండి.

మా మండలంలో మోటారు గురించి తెలియని ఇల్లు లేదు. బోర్లను నమ్ముకున్న మెట్ట నేల మాది. స్టార్టర్ డబ్బా, ఫేజు, ఫ్యూజు, లో వోల్టేజీ అనే మాటలు పిల్లలకు కూడా వచ్చు. ఏ జాముకు త్రీఫేజ్ వస్తుందోనని రాత్రిళ్ళు బాయికాడ కాచుకున్న తరం మా నాయిన వాళ్ళది. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ కాపలా తప్పింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్న ఊళ్ళు మావి. ఆ ఊళ్ళకు కృష్ణ నీళ్ళు మిషన్ భగీరథ పైపుల్లో వచ్చాయంటే, ఎత్తి పోసింది మోటార్లే. మోటారు ఇంత మేలు చేసిన చోట మోటారుతో నడిచే కారు పరాయిది కాదు, చుట్టమే.

అయినా కారు ఇంటికి వచ్చినప్పుడు నాయిన అడిగిన మొదటి మాట, "కరెంటు పోతే ఏం జేస్తవ్ బిడ్డా?" పోతే ఏమీ కాదు. బ్యాటరీలో ఉన్నది ఎక్కడికీ పోదు, కరెంటు రాగానే చార్జింగ్ మళ్ళీ మొదలవుతుంది. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. 230 వోల్టులను 15 ఆంపియర్లతో గుణిస్తే 3,450 వాట్లు. అంటే గంటకు మూడు యూనిట్ల పైన. రాత్రి పది గంటలు పెడితే తెల్లారేసరికి ముప్పై యూనిట్లకు పైగా ఎక్కుతుంది. మా కారు ఒక్క యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. యూనిట్‌కు 10 రూపాయలు వేసుకున్నా కిలోమీటరు రూపాయిన్నర. లీటరు 95 రూపాయలు దాటిన డీజిల్‌తో, లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే బండికి దాదాపు ఐదు రూపాయలు. ఈ లెక్క నేను కాగితం మీద మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను, వేసుకున్న ప్రతిసారీ సంతోషమే!

కావలసిందల్లా మంచి ఎర్తింగ్. అది లేకపోతే చార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది, ప్రాణానికి అదే రక్ష. మాది రాతి నేల గనుక ఎలక్ట్రీషియన్ గుంత లోతుగా తీయించి, ఉప్పు, బొగ్గు పోసి ప్లేటు దించాడు. ఎండాకాలం ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తే చాలు.

ఇంకో మేలు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన విధానంలో 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కారు ధర చూసి వెనకాడేవాళ్ళు ఆ మిగులును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక నడపడం! క్లచ్చు లేదు, గేర్లు లేవు. కాలు ఆనించగానే మోటారు బలమంతా చక్రాలకు అందుతుంది, ఇంజను ఊపందుకునేదాకా ఆగే పనే లేదు. ఇది నిన్నమొన్నటి విద్య కూడా కాదు. 1899లోనే ఒక బెల్జియం వాడు కరెంటు కారుతో గంటకు వంద కిలోమీటర్లు దాటాడు. ఆ వేగం అందుకున్న మొదటి కారు అదే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

శ్రీశైలం మాకు ఒకవైపే 150 కిలోమీటర్లకు పైన. చింతపల్లి, మల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా పోయాం. బత్తాయి తోటలు, పత్తి చేలు, రేచర్ల పద్మనాయకుల కోట ఉన్న గుట్టలు అన్నీ కిటికీలోంచి చూస్తూ, గొంతు పెంచకుండా మాట్లాడుకుంటూ పోయాం. వేగం అరవై, డెబ్బై మధ్య ఉంచితే బ్యాటరీ నింపాదిగా దిగుతుంది. గాలి ఎదురొత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది గనుక వందకు పోతే ఖర్చు ఇట్టే పెరుగుతుంది. దారిలో ఒక చార్జింగ్ స్టేషన్ పనిచేయలేదు. మరోదాంట్లో పెట్టి, చాయ్ తాగి, పిల్లలకు మిర్చి బజ్జీలు తినిపించి వచ్చేసరికి మాకు కావలసినంత ఎక్కింది. ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాకానే జోరు, ఆ పైన బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది. అందుకని 80 కాగానే తీసి బయలుదేరడమే తెలివి.

మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేటు మూసేస్తారు. జంతువులున్న చోటు గనుక హారన్ కొట్టకూడదు. అక్కడ మా కారు చేసిన చప్పుడు టైర్లదే! అద్దాలు దించితే నెమలి అరుపు, వెదురు పొదల్లో గాలి, అన్నీ వినబడ్డాయి. ఇదే దారిన డీజిల్ బండిలో చాలాసార్లు పోయాను గానీ అడవిని విన్నది ఇప్పుడే. పొగ వదలకుండా, రొద చేయకుండా చెంచులుండే పెంటల పక్కనుంచి పోవడం ఆ అడవికి మనం ఇచ్చే మర్యాద అనిపించింది.

ఇక దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగుడు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే జనరేటరై బండిని ఆపుతూ కరెంటు తీస్తుంది. బ్యాటరీ శాతం పెరగడం నాయిన కళ్ళారా చూశాడు. "అదే మోటరు రెండు పనులు జేస్తదా?" అన్నాడు. చేస్తది నాయినా! ఆ లోయలోనే సాక్ష్యం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. నీళ్ళు కిందికి వదిలితే అవి కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలను వెనక్కి తిప్పి నీళ్ళను పైకి తోడొచ్చు. కొండ కడుపులో ఉన్న ఆ సూత్రమే మా బానెట్ కింద కూడా ఉంది! టన్నున్నర బరువున్న కారు వంద మీటర్లు దిగితే భూమి ఆకర్షణ ఇచ్చే శక్తి 0.4 యూనిట్. రాపిడికి, గాలికి పోయింది పోగా మిగిలినది బ్యాటరీకి చేరుతుంది. ఒక్క జాగ్రత్త చాలు, కొండ పైన బ్యాటరీ నూటికి నూరు నింపుకోవద్దు. నిండుగా ఉంటే దిగుడు ఇచ్చేది పెట్టుకోవడానికి చోటుండదు.

శ్రీశైలంలో మేం దిగిన సత్రంలో అడిగి, యూనిట్ల లెక్కన డబ్బు కట్టి, రాత్రంతా 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకున్నాం. మల్లన్న దర్శనం చేసుకుని వచ్చేసరికి తిరుగు ప్రయాణానికి కారు సిద్ధం.

కరెంటు కారు పట్నం వాళ్ళ మోజు అనే మాట ఇంక నా దగ్గర చెల్లదు. పట్నంలో ఆరో అంతస్తు వాళ్ళు కింద పార్కింగ్‌లో ప్లగ్గు కోసం అపార్ట్‌మెంట్ కమిటీని బతిమాలుకోవాలి. మనకు సొంత వాకిలి ఉంది, సొంత మీటరు ఉంది, మోటారు గొంతు విని జబ్బు చెప్పే మనుషులున్నారు. నిజంగా ఇది మెట్ట ఊళ్ళ బండి! కొనాలనుకుంటే ముందు మీ ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. తర్వాత ఎక్కుడూ దిగుడూ రెండూ ఉన్న రోడ్డు మీద ఒక్కసారి నడిపి చూడండి. మీ దగ్గర కారు దొరక్కపోతే మర్రిగూడకు రండి, మా తాళం మీ చేతికిస్తాను.