మీ నాయన ఏం చేస్తాడు?

ఇంగ్లీషులో ఒకరి పని గురించి చెప్పడానికి రెండు దారులున్నాయి. 'షి ఈజ్ ఎ స్వీపర్' అంటే ఆమె స్వీపరు. 'షి వర్క్స్ యాజ్ ఎ స్వీపర్' అంటే ఆమె ఆ పని చేస్తోంది. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు రెండూ ఒకటే అంటాయి. మా పెద్దపంజాణి వైపు పిల్లలకు మాత్రం ఒకటి కాదు.

ఇక్కడ 'మీ నాయన ఏం చేస్తాడు?' అని అడిగే పెద్దమనిషికి కావాల్సింది పని కాదు. 'ఊర్లోనా, హరిజనవాడలోనా' అని నేరుగా అడిగితే ఈ రోజుల్లో బాగుండదు కదా, అందుకని నాయన మీదుగా వస్తాడు. డప్పు కొడతాడని చెప్పామా, ఆయనకు 'ఈజ్' దొరికినట్టే. బెంగుళూరులో అపార్ట్‌మెంట్లు తుడిచే అమ్మల పిల్లలు 'షి వర్క్స్ ఇన్ ఎ కంపెనీ' అంటారు. అబద్ధమేం కాదు. కాంట్రాక్టు తీసుకున్నది కంపెనీయే. ఆ 'ఇన్' వాళ్ళు తలదాచుకునే చోటు.

వి.కోట దాటి కర్ణాటకలోకి పోతే కేజీఎఫ్. బెజవాడ విల్సన్ అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి చేసే పని ఏమిటో ఇంట్లో చిన్నప్పుడు ఆయనకు చెప్పలేదు. చేతులతో మలం ఎత్తే ఆ పనిని ఆపడానికి రెండు చట్టాలొచ్చాయి. వాటి ఇంగ్లీషు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. 1993 చట్టం 'ఎంప్లాయ్‌మెంట్ ఆఫ్ మాన్యువల్ స్కావెంజర్స్' అంటుంది. స్కావెంజర్లనే మనుషులు ముందే ఉన్నారు, వాళ్ళను పనికి పెట్టుకోవద్దు అన్నట్టు. 2013 చట్టంలో 'ఎంప్లాయ్‌మెంట్ యాజ్'. అంటే ఏ మనిషినీ ఆ పనిలోకి దించొద్దని. 'ఆఫ్' నుంచి 'యాజ్'కి రావడానికి 20 ఏళ్ళు! నేనైతే ఆ పేర్లను అలాగే చదువుతాను.

పేరు మార్చడం సర్కారుకు తేలిక. మన పంచాయతీల్లో చెత్త ఎత్తేవాళ్ళు 'గ్రీన్ అంబాసిడర్లు' అయ్యారు, తర్వాత 'క్లాప్ మిత్రలు' అయ్యారు. ఆ అంబాసిడర్లు ఏ వాడ నుంచి వస్తారో అడగక్కర్లేదు, ఊరందరికీ తెలుసు.

నేను చెప్పేది తెలుగు పాఠమే అయినా క్లాసులో ఇది రాయిస్తుంటాను: అమ్మ ఏమిటో వద్దు, పొద్దున లేచి ఏమేం చేస్తుందో రాయండి. అన్నీ క్రియలే రావాలి. ఒక అమ్మాయి '12 అంతస్తుల మెట్లు తుడుస్తుంది. లిఫ్టు ఎక్కనివ్వరు' అని రాసింది. ఎవరూ అడక్కుండానే కింద ఇంగ్లీషులో కూడా రాసుకుంది. అందులో ఎక్కడా 'ఈజ్' లేదు.