గ్రహణం మొర్రి: చంద్రుడు చేయని నేరం

ఒక లోపానికి పెట్టిన పేరే తల్లి మీద నిందగా మారడం మన భాషలో ఒక విషాదం. పై పెదవి చీలి శిశువు పుడితే దానిని ‘గ్రహణం మొర్రి’ అంటాము. పేరు పలికిన మరుక్షణమే తీర్పు కూడా వెలువడుతుంది. తల్లి గర్భంతో ఉండగా గ్రహణం చూసి ఉంటుంది, లేదా ఆ వేళ కత్తిపీట ముట్టి ఉంటుంది! నేరం చంద్రునిది, శిక్ష కోడలికి.

నాకు వైద్యంతో పాటు ఆకాశమన్నా మోజే. అనంతపురం పీఠభూమి మీద బతికేవానికి ఆ మోజు కలగడం వింత కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ సీమలో, పైరుకు దక్కని మబ్బు కంటికీ అడ్డురాదు. కల్యాణదుర్గం వైపు ఏ పల్లెలోనైనా చలికాలపు రాత్రి మిద్దె ఎక్కితే కృత్తికలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వేరుశనగ రైతుకు పగవాడైన ఆకాశమే చుక్కలు చూసేవానికి చెలికాడు. ఆ రైతూ ఈ చుక్కల పిచ్చివాడూ ఒకే ఇంట్లో ఉంటే మాత్రం కొంత ఇబ్బందే.

కనుక చంద్రుని తరఫున కొంచెం వాదించనివ్వండి. గర్భస్థ శిశువుకు పై పెదవి నాలుగవ వారం నుంచి ఏడవ వారం లోపల ఏర్పడుతుంది. ముఖానికి రెండు వైపుల నుంచి పెరిగే కణజాలం నడుమకు వచ్చి అతుక్కుంటుంది. అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య కూడుకుంటుంది. ఎక్కడో ఆ అతుకు పడకపోతే చీలిక మిగులుతుంది. అంటే, నెల తప్పిందన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసేసరికే పెదవి కథ దాదాపు ముగిసిపోయింది. ఏడవ నెలలో వచ్చిన గ్రహణం అతుక్కున్న పెదవిని తిరిగి చీల్చలేదు.

“మరి మా అమ్మాయి గర్భంతో ఉన్నప్పుడు నిజంగానే గ్రహణం వచ్చిందే!” అంటారు మీరు. రాకుండా ఎట్లా ఉంటుంది? సుమారు 173 రోజులకొకసారి సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసకు వస్తారు. ఆ ప్రతి విడతలోనూ భూమి మీద ఎక్కడో ఒక చోట సూర్యగ్రహణమైనా తప్పదు. గర్భకాలం 280 రోజులు. గ్రహణం తగలని గర్భిణి ఈ భూగోళం మీద లేనే లేదు! అయినా ప్రపంచమంతటా దాదాపు 700 మంది శిశువులలో ఒకరికి మాత్రమే ఈ చీలిక కనబడుతున్నది. మిగిలిన 699 మంది తల్లులను ఎవరూ ఏమీ అడగరు.

ఆ రోజున రోకలి తనంతట తాను నిలబడుతుందని పళ్లెంలో నీళ్లు పోసి చూపిస్తారు గదా. మామూలు మంగళవారం నాడు కూడా నిలబెట్టి చూడండి. అడుగు చదునుగా ఉండి, బరువు ఆ అడుగు మీదనే నిలిస్తే రోకలికి పంచాంగంతో పని లేదు. పంచాంగకర్త సంగతీ ఆలోచించండి. రాహువు ఆకలిని నిమిషాలతో సహా ఏడాది ముందే లెక్కగట్టగలుగుతున్నాడంటే, అది ఆకలి కాదు, గణితం. గ్రహణాలు నీడల వల్ల కలుగుతాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడు.

2019 డిసెంబరు 26న, గురువారం, ఉదయం ఎనిమిది దాటాక గ్రహణం మొదలైంది. కేరళ, తమిళనాడులలో కొన్ని చోట్ల సూర్యుడు కంకణంలా కనబడ్డాడు, మనకు పాక్షికం. వీధి నిర్మానుష్యం. పదిన్నరకు ఒక ఆటో వచ్చి ఆగింది. తల నుంచి కడుపు దాకా దుప్పటి కప్పుకొన్న నిండు గర్భిణి, పక్కన అత్తగారు. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు లేక అమ్మాయి కళ్లు తిరిగి పడింది. గ్లూకోజు నీళ్లు కలుపుతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“గ్రానం ఇడిసేదాకా వద్దు సార్, బిడ్డకు మొర్రి వస్తాది.”

“బిడ్డ పెదవి రెండో నెలలోనే అతుక్కుంది తల్లీ.”

ఆమె క్షణం ఆలోచించి, “అట్లయితే ముందే చెప్పకూడదా సార్!” అని గ్లాసు తానే అందుకుని కోడలి నోటికి పట్టారు.

అరగంటకు ఆ అమ్మాయికి ఓపిక వచ్చింది. అప్పటికి అత్తగారు వాకిట్లో కానుగ చెట్టు కింద నిలబడి నేలకేసి చూస్తున్నారు. ఆకుల సందుల నుంచి జారిన వెలుగు నేల మీద వందలాది చిన్న చిన్న కొరికిన సూర్యుళ్లుగా పరుచుకుంది. “ఈ పొద్దులన్నీ యాడివి సార్?” అన్నారు. ప్రతి సందూ ఒక సూదిబెజ్జపు కెమెరా అని చెప్పాను. నా పాఠం ఆమెకు ఎంత పట్టిందో గానీ, అది ముగిసేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు.

గ్రహణం మనకు చేసిన మేలు ఒకటుంది, అది చాలామందికి తెలియదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. ఆనాటి పరిశీలనల లోనే సూర్యకాంతిలో ఒక కొత్త పసుపు గీత కంటబడింది, ఆ గీత వెంట పోగా హీలియం తేలింది. నేడు మన ఎం.ఆర్.ఐ. యంత్రాలలో అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే.

ఇక పెదవి చీలిన శిశువు ఇంట ఉంటే చేయవలసినది వేరే ఉంది. వంశపారంపర్యం, పొగాకు, అదుపులేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయి. అయితే ఆ మందులను సొంతంగా మానవద్దు, గర్భం ధరించక ముందే వైద్యుని అడగండి. ఫోలిక్ ఆమ్లం కూడా అప్పటి నుంచే మొదలుపెట్టాలి. చీలిక ఉన్న బిడ్డను నిటారుగా ఎత్తుకొని కొద్దికొద్దిగా పాలు పట్టాలి. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులోనూ, అంగిలికి ఏడాదిన్నర లోపునూ శస్త్రచికిత్స చేస్తారు. అంగిలిని ఆలస్యం చేస్తే మాట ముక్కుతో వస్తుంది. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గే ప్రమాదమూ ఉంది కనుక చెవులు కూడా చూపించండి.

2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మనకు మళ్లీ పాక్షిక సూర్యగ్రహణం. గర్భిణులు వేళకు తిని, నీళ్లు తాగండి. ఎవరైనా సరే, సూర్యుని నేరుగా చూడవద్దు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు. ప్రమాణాలకు సరిపడే గ్రహణపు కళ్లద్దాలు దొరకకపోతే కానుగ చెట్టు చాలు. మబ్బు పడితే మాత్రం మా వీధిలో ఎవరూ విచారించరు, నేను తప్ప.